గంజాయి యూరిన్ కిట్‌లో గీత లేతగా వస్తే ఏమని రాయాలి?

కావలి ల్యాబ్: పోలీసులు అనుమానంతో తెచ్చిన కుర్రాళ్లకు మల్టీప్యానెల్ కిట్ (ఒకేసారి చాలా మత్తుమందులను చూసేది) వేస్తున్నాం. ఒకరికి టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) దగ్గర టీ గీత (టెస్ట్ గీత) బాగా లేతగా ఉంది. పాజిటివా, నెగటివా?

నెల్లూరు టెక్నీషియన్: నెగటివే అన్నా. ప్రెగ్నెన్సీ కిట్టు అలవాటుతో చూస్తే తిరకాసే. ఇక్కడ గీత రాకపోతేనే పాజిటివ్. ఎంత లేతదైనా గీత గీతే. సీ గీత (కిట్టు పనిచేసిందని చూపే కంట్రోల్ గీత) లేకపోతే ఆ కిట్టు చెల్లదు, ఇంకోటి వేయండి. చాలా కిట్లకు 5 నిమిషాలకు చదవాలి. ఆలస్యంగా చూసింది లెక్కలోకి రాదు.

ఒంగోలు బయోకెమిస్ట్రీ: గీత కంటే ముందు శాంపిల్ చూడండి. పోసిన 4 నిమిషాల్లోపు 32–38 డిగ్రీల వేడి ఉండాలి. చల్లగా ఉంటే ఏదో కలిపారని అనుమానించాల్సిందే. క్రియాటినిన్ (మూత్రంలో మామూలుగా ఉండే వ్యర్థం) డెసీలీటరుకు 20 మిల్లీగ్రాముల లోపుంటే పల్చబడినట్టు. కోడీన్ దగ్గు సిరప్ తాగినా ఓపియేట్ (నల్లమందు జాతి మందుల) గీత పోతుంది, మందుల చీటీ అడగండి.

కావలి ల్యాబ్: పాజిటివ్ వస్తే రిపోర్టులో?

ఒంగోలు బయోకెమిస్ట్రీ: ‘స్క్రీనింగ్ పాజిటివ్, నిర్ధారణ అవసరం’, అంతే. మిగతా శాంపిల్ సీలేసి జీసీ-ఎంఎస్ (ఏ పదార్థమో కచ్చితంగా తేల్చే) పరీక్షకు పంపించాలి. రోజూ గంజాయి తాగేవాళ్లకు మానేసిన వారాల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు. అందుకే ‘గంజాయి మత్తులో ఉన్నాడు’ అని రాయమంటే ఒప్పుకోకండి.