కొమింటాంగ్ గెలిచి ఉంటే చైనాకి 62 టన్నుల ట్యాంక్ ఉండేదా? (కొట్టుకోకుండా మాట్లాడండి)

పాంథర్_పిల్లోడు
నా టైమ్‌లైన్‌లో (అంటే నేను ఊహించి రాసే చరిత్ర కథలో) 1949లో కమ్యూనిస్టుల మావో ఓడిపోయాడు, కొమింటాంగ్ పార్టీ నాయకుడు చియాంగ్ కై-షేక్ నాన్‌జింగ్‌లోనే ఉన్నాడు, 1955 కల్లా వాళ్ల సొంత హెవీ ట్యాంక్ రెడీ. పేరు "ఇనప డ్రాగన్", 62 టన్నులు, 128 ఎంఎం గన్, జర్మన్ల హెవీ ట్యాంక్ కింగ్ టైగర్‌కి తమ్ముడనుకోండి. గాల్లోంచి పుట్టించలేదు బాబూ, 1938 దాకా జర్మన్ సలహాదారు ఫాల్కెన్‌హౌసెన్ చియాంగ్ పక్కనే ఉన్నాడు, టంగ్‌స్టన్ ఇచ్చి ఆయుధాలు తెచ్చుకున్నారు, పాంజర్ 1 అనే చిన్న జర్మన్ ట్యాంకులు కూడా వచ్చాయి, చియాంగ్ పెంపుడు కొడుకు వీ-కువో అయితే ఏకంగా జర్మన్ సైన్యంలోనే ట్రైనింగ్ అయ్యి వచ్చి తర్వాత చైనాలో ట్యాంకులు నడిపించాడు. యుద్ధం అయ్యాక ఖాళీగా ఉన్న జర్మన్ ఇంజనీర్లు అర్జెంటీనాకీ ఈజిప్టుకీ వెళ్లారు కదా, ఓ పదిమంది నాన్‌జింగ్ వస్తే ఏం పోయింది? సాధ్యమా కాదా చెప్పండి.

న్యూజెర్సీ_నాని
జర్మన్ల కథ 1938తోనే ఖతం బ్రో, హిట్లర్ జపాన్ వైపు తిరిగి సలహాదారుల్ని వెనక్కి పిలిచేశాడు. ఆ తర్వాత చియాంగ్‌కి ట్యాంకులు ఇచ్చింది ఎవరు? ముందు రష్యా, 80కి పైగా టి-26లు, 1939లో కున్‌లున్ కనుమ దగ్గర జపాన్ వాళ్ల మీద దిగింది అవే. తర్వాత అమెరికా. మన రామ్‌గఢ్‌లో, అదే ఇప్పటి జార్ఖండ్‌లో, చైనా కుర్రాళ్లకి స్టువర్ట్, షెర్మన్ అనే అమెరికన్ ట్యాంకుల మీద ట్రైనింగ్ ఇచ్చారు, ట్యాంకు మొహాన పులి కళ్లు గీసుకుని 1944 మార్చిలో బర్మాలో వలాబుమ్ దగ్గర యుద్ధం చేశారు. కాబట్టి నీ టైమ్‌లైన్‌లో వచ్చేది ప్యాటన్ ట్యాంకే, అమెరికా వాడు ఓడలో దింపి పోతాడు.

సంగారెడ్డి_స్పానర్
బొమ్మ మంచిగ గీసినవ్ అన్నా, గని ఉక్కు యాడికెళ్లి తెస్తవ్? 1949ల చైనా మొత్తం చేసిన ఉక్కు 1.58 లక్షల టన్నులు, అంతే. మంచూరియాల ఉన్న మిషన్లు 1945–46ల రష్యా వాళ్లు ఊడదీస్కపోయిండ్రు. మావాడొకడు ఎద్దుమైలారం ఫ్యాక్టరీల చేస్తడు, బీఎంపీలు, అదే సైనికుల్ని మోసే కవచం బండ్లు తయారైతయి కదా ఆడ, ఆయన చెప్పేది ఒక్కటే: బొమ్మ గీసుడు ఒక రోజు పని, ప్లేటుకు వెల్డింగ్ సరిగ పడుడు ఏండ్ల పని.

డెల్టా_రైతుబిడ్డ
ఉక్కు సంగతి పక్కన పెట్టండి, అప్పో సప్పో చేసి తెచ్చాడే అనుకుందాం. తయారైన ట్యాంకు వెళ్లేది ఎక్కడికండీ? యాంగ్‌ట్సీ మీద మొట్టమొదటి వంతెన వుహాన్‌లో 1957లో వచ్చింది, నాన్‌జింగ్‌లో అయితే 1968. అంటే మీ 1955లో రాజధాని ముందు నదికి వంతెనే లేదు, రైలు పెట్టెల్ని ఫెర్రీ ఎక్కించి అవతలికి దాటించేవాళ్లు. 62 టన్నుల దాన్ని ఎక్కిస్తారా, ఎక్కించండి, రోజుకి ఎన్ని దాటతాయో లెక్క కట్టుకోండి.

ఇంక దక్షిణం అంతా వరి. దమ్ము చేసిన పొలంలో ట్రాక్టర్ దిగబడితే ఎలా ఉంటుందో మీలో ఎంతమంది చూశారో నాకు తెలీదు గానీ మా నాన్న కేజ్ వీల్స్ వెయ్యకుండా ఒకసారి దింపాడు, కాలవ పక్క మడి, వెనక చక్రం ఇరుసు దాకా పోయింది, తొక్కేకొద్దీ కిందకే, చివరికి రెండు ట్రాక్టర్లు గట్టు మీద పెట్టి గొలుసులు కట్టి సాయంత్రానికి లాగారు. అది రెండు టన్నుల బండి. మీది దిగబడితే లాగడానికి ఇంకో డ్రాగన్ కావాలి, అదీ దిగబడుతుంది.

పాంథర్_పిల్లోడు
ట్రాక్ ఉన్న బండికీ టైరు బండికీ పోలికేంటి సార్, కింగ్ టైగర్ ట్రాక్ వెడల్పు 800 ఎంఎం, బరువు అంతా పరుచుకుంటుంది.

డెల్టా_రైతుబిడ్డ
ఒప్పుకుంటా, ట్రాక్‌కి దిగబాటు తక్కువే. కానీ అదే 800 ఎంఎం ట్రాక్‌తో రైలు బండి మీద పట్టక జర్మన్లు ప్రతిసారీ విప్పి 660ది తొడిగేవాళ్లు, దిగాక మళ్లీ మార్పు. మీరు పొలంలో గెలిచింది స్టేషన్లో పోగొట్టుకున్నారు.

న్యూజెర్సీ_నాని
కానీ డెల్టా గారూ, అసలు చైనా చేసిన టైప్ 59 బరువు 36 టన్నులు, అది వరిపొలాన్ని చూసి పెట్టిన బరువు కాదు కదా, రష్యా టి-54ని కాపీ కొడితే దాని బరువు అదే వచ్చింది.

డెల్టా_రైతుబిడ్డ
నిజమే, అందుకేగా ఆ 36 కూడా దక్షిణానికి ఎక్కువైందని మళ్లీ 21 టన్నుల టైప్ 62 చేసుకున్నారు, 85 ఎంఎం గన్‌తో. అది అద్భుతం అని నేను అనట్లేదు, 1979లో వియత్నాంలో ఆ పల్చటి రేకు ఆర్పీజీలకి గట్టిగానే బలైంది. అయినా అక్కడిదాకా వెళ్లగలిగింది.

పాంథర్_పిల్లోడు
శత్రువు ఉత్తరం నుంచి వస్తాడు! మంచూరియాలో మైదానం, వరి గొడవ లేదు. 1969లో రష్యా సరిహద్దున ఉసూరి నది దగ్గర గొడవలో కూడా ఎదురుగా వచ్చింది రష్యా ట్యాంకు టి-62. ఇవాళ్టి చైనా ట్యాంకు టైప్ 99 యాభై టన్నులు దాటింది, దానికేమంటారు?

సంగారెడ్డి_స్పానర్
ఆ టి-62 కూడ మంచు పగిలి నదిల మునిగింది గదనే, చైనా వాళ్లు బయటికి లాగి బీజింగ్ మ్యూజియంల పెట్టుకున్నరు, నంబర్ 545. అది 37 టన్నులే. నీది అయితే మునిగిన కాడనే గుడి కట్టాలె.
టైప్ 99 నాటికి వంతెనలున్నయి, క్రేన్లున్నయి. నువ్వు పెట్టిన ఏడు 1955.

డెల్టా_రైతుబిడ్డ
నాని గారి ప్యాటన్ గురించి ఒక మాట. కొమింటాంగ్ నిజంగానే తైవాన్‌లో మిగిలింది కదా, అంటే సగం టైమ్‌లైన్ మన కళ్ల ముందే నడిచింది. ఏం చేశారు? అమెరికా ఇచ్చిన ఎం24, ఎం41, తర్వాత ఎం48, ఇస్తుంటే వాడుకున్నారు, సొంతంగా సీఎం-11 అని బయటికి తెచ్చింది 1990లో, అది కూడా ఎం60 బాడీ మీద ఎం48 తలకాయ. ఊరికే వస్తుంటే ఎవడు పొయ్యి వెలిగిస్తాడు? మనకి ఆవడిలో విజయంత ట్యాంకు 1965లో మొదలైంది, అదీ బ్రిటిష్ కంపెనీ వికర్స్ డిజైనే.

నాకైతే ఇనప డ్రాగన్ కంటే ఆ అతుకుల బండే బాగా నచ్చింది, కథలో కూడా అలాంటిదే పెట్టండి. షెర్మన్ బాడీ, జపాన్ వాళ్లు వదిలేసిన స్పేర్లు, షాంఘై వర్క్‌షాపులో కొత్త తలకాయ.

పాంథర్_పిల్లోడు
సరే, మార్చాను. ఇనప డ్రాగన్ వెర్షన్ 2: 36 టన్నులు, 100 ఎంఎం గన్, గుండ్రటి టరెట్, ఐదు చక్రాలు. ఇప్పుడు ఓకేనా?

సంగారెడ్డి_స్పానర్
అన్నా అది టైప్ 59.

పాంథర్_పిల్లోడు
పేరు మాత్రం మార్చను.