కొరమీను పులుసుతో కియాంటి వైన్ కుదురుతుందా?

ప్రశ్న (కావలి)

మా బావ ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి వస్తూ ఒక రెడ్ వైన్ సీసా తెచ్చాడు. లేబుల్ మీద కియాంటి క్లాసికో అని ఉంది, మెడ దగ్గర నల్ల కోడిపుంజు బొమ్మ. ఆదివారం అందరం ఇంట్లోనే ఉంటాం. బావకి మా అమ్మ చేసే కొరమీను పులుసంటే ప్రాణం. మామిడికాయ ముక్కలు వేసి శనివారం రాత్రే కాచి పెడుతుంది. దాంతో ఈ వైన్ తాగొచ్చా? నాకు బీరు తప్ప ఏదీ తెలియదు. అంత దూరం నుంచి తెచ్చింది చెడగొడతానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (ఒంగోలు)

రెడ్‌కి మాంసం, వైట్‌కి చేప అంటారు బ్రదర్. చికెన్ వేపుడు చేసుకోండి, సరిపోతుంది.

జవాబు 2 (నెల్లూరు, మూలాపేట)

తమ్ముడూ, నేను ఫ్లోరెన్స్‌లో ఒక హోటల్ వంటగదిలో ఆరేళ్లు పనిచేశాను. ఈ వైన్ అంటే నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్య ఉన్న కొండల్లో పండే ద్రాక్షతో చేస్తారు. అందులో కనీసం 80 శాతం సాంజొవేజె అనే రకం ఉండాలి. తియ్యగా ఉంటుందనుకోవద్దు. ముందు పుల్ల చెర్రీ పులుపు తగులుతుంది, వెనకే ఎండిన ఆకుల వాసన, చివర్లో వగరు. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుంది చూడు, అదే వగరు.

పులుపున్న కూర పక్కన పులుపున్న వైనే ఉండాలి, లేకపోతే వైన్ చప్పగా అనిపిస్తుంది. అక్కడివాళ్లు టమాటాలో పాత రొట్టె వేసి ఉడికించిన వంటతోనూ, అడవిపంది మాంసంతోనూ దీన్ని తాగుతారు. చింతపండు పులుపు ఉంది కదా, మన పులుసుకి కచ్చితంగా కుదురుతుందని నేనూ నమ్మాను. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ పులుసు ముందు పెట్టుకుని సీసా తెరిచా. కొరమీను ముక్క తిని ఒక గుక్క తాగగానే నీచువాసన ఒక్కసారిగా పైకి లేచింది, ఇనుప గరిటె నోట్లో పెట్టుకున్నట్టయింది. వైన్‌లో ఉండే కొద్దిపాటి ఇనుము చేప కొవ్వుతో కలిస్తే అలా అవుతుంది. పైగా ఆల్కహాల్ మన కారాన్ని ఇంకా మండిస్తుంది. అంత మంచి పులుసూ, అంత మంచి వైనూ రెండూ పాడయ్యాయి. చాలా బాధేసింది.

ఇప్పుడు చింతచిగురు దొరికే రోజులు. చింతచిగురు మాంసం చేయించు. పొట్టేలు మాంసం తీసుకో, కొవ్వున్న ముక్కలు కొన్ని ఉండాలి, ఎందుకంటే వగరును మెత్తబరిచేది కొవ్వూ ఉప్పే. కారం మీరు వేసేదాంట్లో సగం వేయమను. ముక్క మెత్తబడ్డాక చిగురు అరచేతుల్లో నలిపి వేసి, పది నిమిషాల్లో దించేయాలి. ఆ లేత పులుపు చింతపండులా గుచ్చదు, వైన్ పులుపుతో కలిసి నడుస్తుంది. వట్టి చికెన్ వేపుడులో ఆ పులుపు ఉండదు, ఒంగోలు అన్న ఏమీ అనుకోవద్దు.

ఇంకోటి. రెడ్ వైన్ గది వేడిలో తాగాలంటారు గానీ, ఆ గది ఇటలీది. 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. మన ఎండల్లో సీసాని నలభై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, అమ్మ ఒప్పుకుంది. పులుసు మధ్యాహ్నానికి, మాంసం రాత్రికి. లేబుల్ మీద రిసెర్వా అని కూడా ఉంది. దానికీ మామూలుదానికీ తేడా ఏంది?

జవాబు 2 (నెల్లూరు, మూలాపేట)

మామూలు క్లాసికోని కనీసం 12 నెలలు నిల్వ ఉంచి అమ్ముతారు, రిసెర్వాని 24 నెలలు. బావ మంచిదే తెచ్చాడు. గ్లాసులో పోశాక కాసేపు మెల్లగా తిప్పు, వాసన విచ్చుకుంటుంది. గ్లాసులో మూడో వంతుకి మించి పోయొద్దు. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు బాగుంటుంది.

మొదటి గుక్క ఏమీ తినకుండా తాగు. రెండోది కొవ్వు ముక్క నమిలాక తాగు. ఆ వగరు ఏమైందో ఇక్కడ రాయి, బావ ఏమన్నాడో కూడా.