మేనత్త పోయిన తర్వాత నా మరణం గురించే ఆలోచనలు వస్తున్నాయి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నన్ను చిన్నప్పటి నుంచి పెంచిన మా మేనత్త ఈమధ్యే కన్నుమూశారు. ఆవిడ గది సర్దుతూ ఉంటే, వారానికి సరిపడా మాత్రలు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా చేతికి వచ్చింది. బుధవారం దాకా అరలు ఖాళీగా ఉన్నాయి, గురువారం నుంచి మాత్రలు అలాగే ఉన్నాయి. ఓపిగ్గా కూర్చుని వారమంతటికీ మందులు సర్దుకున్న మనిషికి ఆ వారం పూర్తి కాలేదన్న సంగతి నన్ను వదలడం లేదు. ఏడుపు కొంత తగ్గింది గానీ, నేనూ ఏదో ఒకనాడు ఇలాగే సగంలో వెళ్లిపోతానన్న భయం పట్టుకుంది. ఆవిడ కోసం బాధపడవలసిన సమయంలో నా గురించి నేను భయపడడం స్వార్థమేమోనని సిగ్గుగా ఉంది. ఇలాంటి స్థితి దాటినవారు దయచేసి చెప్పగలరా?

మొదటి సమాధానం:
ఇది స్వార్థం కాదండి. మనల్ని పెంచినవారు ఉన్నంతకాలం మృత్యువు మన దాకా రావడానికి ఇంకా చాలా సమయం ఉందనే ధీమాతో బతుకుతాం, వారిలో ఒక్కరు వెళ్లిపోయినా ఆ ధీమా సడలుతుంది. ప్రపంచంలో ఏది ఆశ్చర్యమని యక్షుడు అడిగితే, రోజూ ప్రాణులు పోతూనే ఉన్నా మిగిలినవారు తాము శాశ్వతంగా ఉండాలని కోరుకోవడమేనని ధర్మరాజు చెప్పాడు. ఆ మాటను చాలామంది మందలింపుగా తీసుకుంటారు. నాకు మాత్రం అందులో మనుషుల మీద జాలి కనిపిస్తుంది, ఎందుకంటే ఆ మరుపే లేకపోతే రేపటి కోసం మందులు సర్దుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. మీ అత్తయ్యగారు రేపు ఉందనుకునే బతికారు, అందులో పొరపాటేమీ లేదు.

రెండవ సమాధానం:
దుఃఖానికి అయిదు దశలుంటాయని, అవి వరుసగా వచ్చిపోతాయని ఎవరైనా చెబితే దానితో మిమ్మల్ని కొలుచుకోకండి. 1969లో మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ ఆ దశలను ప్రతిపాదించింది ప్రధానంగా మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి, వారి అనుభవం గురించి. అయినవారిని పోగొట్టుకున్నవారి మనసు కాసేపు పోయినవారి వైపు, కాసేపు ముందున్న జీవితం వైపు ఊగుతూ ఉంటుందని 1999లో స్ట్రోబె, షుట్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన వివరణే నాకు నిజానికి దగ్గరగా అనిపిస్తుంది. మీ భయం ఆ ఊగిసలాటలో భాగమే కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ కూడా, తీవ్రమైన దుఃఖం కనీసం ఆరు నెలలు దాటి రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తున్నప్పుడే దాన్ని రుగ్మతగా లెక్కిస్తుంది. అయితే నిద్ర, తిండి, పని పూర్తిగా చెడిపోతే, లేదా బతకాలని లేదన్న ఆలోచన వస్తే, ఆ గడువు కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యుణ్ణి కలవండి.

మూడవ సమాధానం:
మనం ఉన్నంతవరకు మృత్యువు లేదు, మృత్యువు వచ్చాక మనం ఉండము, కాబట్టి భయమెందుకని గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ వాదించాడు. తన చావు గురించి భయపడేవారికి ఆ తర్కం కొంత ఊరట ఇస్తుందేమో గానీ, మనవారి మరణం వచ్చాక కూడా మనం ఇక్కడే మిగిలి ఉంటాం కదా, దానికి అందులో జవాబు లేదు. మా నాన్నగారు పోయినప్పుడు నాకు ఏ వాదనా పనికిరాలేదు. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి కాగితాలు ఎక్కడున్నాయో, నాకు స్పృహ లేని స్థితి వస్తే ఎంతవరకు చికిత్స చేయించాలో, ఎవరికి ఏ మాట చెప్పాలని ఉందో మాట్లాడాను. మా ఆవిడ మొదట ఆ మాటలు వద్దంది, తర్వాత తన మనసులో ఉన్నవి తానూ చెప్పింది. భయం పోలేదు గానీ, ఒంటరిగా మోయవలసిన అవసరం తప్పింది.

ప్రశ్న అడిగినవారు:
మీ అందరికీ కృతజ్ఞతలు. మూడవ సమాధానం చదువుతుంటే మా నాన్నగారు గుర్తుకొచ్చారు. నాకు మేనత్త పోతే ఆయనకు తోడబుట్టిన అక్క పోయింది, వయసులో ఆవిడ కంటే రెండేళ్లే చిన్న. రాత్రిళ్లు ఆయన గదిలో కూడా చాలాసేపు దీపం వెలుగుతూనే ఉంటోంది. ఈ రాత్రి వెళ్లి ఆయన పక్కన కూర్చుంటాను.