ఆగస్టు 15 మన వరంగల్‌కు పండుగ ఎట్లా అయింది? శిక్ష లేని విధి విధేనా?

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతున్నది. స్వాతంత్ర్య దినోత్సవం, పౌరుల విధులు అనే అంశం మీద ఆగస్టు 15న బడిలో మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకుంటూ కూర్చున్న పిల్ల రెండు ప్రశ్నలు వేసింది. 1947 ఆగస్టు 15 నాటికి వరంగల్ నిజాం పాలనలోనే ఉంది, హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబర్ 17న. అటువంటప్పుడు ఆగస్టు 15 మనకు పండుగ ఎట్లా అయింది అన్నది మొదటిది. ప్రాథమిక విధులను పాటించకపోతే శిక్ష లేదని పాఠంలో ఉంది, శిక్ష లేనిది విధి ఎట్లా అవుతుంది అన్నది రెండోది. రెంటికీ నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఎవరో రాసిన ప్రసంగాన్ని బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. తెలిసిన పెద్దలు దయచేసి చెప్పండి.

జవాబు (విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, వరంగల్)

అమ్మా, ఇన్నేళ్లు పాఠం చెప్పాను కానీ ఈ ప్రశ్న వేసిన పిల్లలు చాలా తక్కువ. పాపకు నా ఆశీస్సులు చెప్పండి.

ఆనాడు ఇక్కడ మువ్వన్నెల జెండా ఎత్తడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 1946 ఆగస్టు 11న మన కోటలో జెండా ఎగరేసినందుకు రజాకార్లు వచ్చి పడి బత్తిని మొగిలయ్యను చంపారు. మరుసటి ఏడు ఆగస్టు 7న భారత యూనియన్‌లో చేరాలని హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఉద్యమం మొదలుపెట్టింది. ఢిల్లీలో సంబరాలు జరుగుతున్న 15వ తేదీన ఇక్కడ ఆ ఉద్యమ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. ఆ జెండా మన ఊళ్లోనూ ఎగరాలని పట్టుబట్టి దెబ్బలు తిన్నవాళ్లు ఇంతమంది ఉన్నారు కనుక ఆ తేదీ మీద మనకు హక్కు ఉంది. సెప్టెంబర్ 17ను దానికి పోటీగా నిలబెట్టవలసిన అవసరం నాకు కనిపించదు.

రెండో ప్రశ్నకు నా ఆలోచన ఇది. మన తాతల కాలంలోనూ చేయక తప్పని పనులు ఉండేవి, వాటి పేరు వెట్టి. కుమ్మరి దొర గడీకి కుండలు ఊరికే ఇవ్వాలి, రైతు తన చేను ఎండుతున్నా ముందు దొర పొలంలో నాగలి కట్టాలి, కాదంటే శిక్ష కళ్ల ముందే ఉండేది. శిక్ష ఉన్నంత మాత్రాన దాన్ని విధి అందామా అని పాపనే అడిగి చూడండి.

జవాబు (పరకాల నుంచి)

అక్కా, సారు వరంగల్ సంగతి చెప్పారు, నేను మా పరకాల సంగతి చెబుతాను. 1947 సెప్టెంబర్ 2న చుట్టుపక్కల ఊళ్ల జనం జెండా ఎగరేయడానికి ఇక్కడికి చేరితే నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది చనిపోయారని మా దగ్గర చెప్పుకుంటారు. వాళ్ల గుర్తుగా 2003లో అమరధామం కట్టారు. మా అమ్మమ్మ చెప్పిన ఒక్క మాట మాత్రం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది: ఆ రోజుల్లో వాళ్ల ఇంట్లో జెండా గుడ్డను వడ్ల గుమ్మి అడుగున దాచారట, తీసి చూస్తే మడతల్లో వడ్ల నూగు అంటుకొని ఉండేదట. వీలైతే పాపను ఒకసారి తీసుకురండి, నేనే దగ్గరుండి చూపిస్తాను.

జవాబు (న్యాయవాది, హన్మకొండ)

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు. ప్రాథమిక విధులు రాజ్యాంగంలో మొదటి నుంచీ లేవు. 1976లో 42వ సవరణ ద్వారా 51ఎ అధికరణంగా పది విధులను చేర్చారు, ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు చదువు అందించవలసిన తల్లిదండ్రుల బాధ్యత 2002లో పదకొండోదిగా వచ్చింది. అవి అత్యవసర పరిస్థితి కాలంలో వచ్చాయన్నది దాచవలసిన విషయం కాదు. పౌరుడికి విధులు గుర్తుచేసే ప్రభుత్వం తన విధులను మరవకూడదని కూడా పాప చెప్పవచ్చు.

శిక్ష అసలే లేదనడం కూడా పూర్తిగా సరికాదు. 51ఎ కింద నేరుగా కేసు పెట్టలేరు, నిజమే. కానీ జాతీయ జెండాను అవమానిస్తే 1971 నాటి చట్టం, ప్రజల ఆస్తిని ధ్వంసం చేస్తే 1984 నాటి చట్టం వర్తిస్తాయి. ఇంకో సంగతి చాలామంది గమనించరు: ఓటు వేయడం, పన్ను కట్టడం ఈ పదకొండింటిలో లేవు. పన్ను చెల్లింపును చేర్చాలని, అప్పట్లో ఈ విధులను సిఫారసు చేసిన స్వరణ్ సింగ్ కమిటీ సూచించినా అది జాబితాకు ఎక్కలేదు.

జవాబు (వరంగల్‌లోని ఒక కాలనీవాసి)

చెరువులను, అడవులను కాపాడడం కూడా 51ఎలో ఉంది. దాని అర్థం నాకు 2020 ఆగస్టులో తెలిసింది. ఆ పంద్రాగస్టు ప్రాంతంలో కురిసిన వానలకు మన నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. మా వీధిలో జెండా కోసం పాతిన ఇనుప గొట్టం మోకాలి లోతు నీళ్లలో ఒంటరిగా నిలబడి ఉంది. కాకతీయులు ఒక చెరువు అలుగు పోస్తే నీళ్లు కింది చెరువుకు చేరేటట్టు గొలుసుకట్టుగా తవ్వించిన ఊరు మనది, ఆ నీళ్ల దారిలో ఇళ్లు కట్టుకున్నది మనం. మా గేటు ముందు బండి ఎక్కడానికి మోరీ మీద ర్యాంపు పోయించింది నేనే. నీళ్లు తగ్గాక దాన్ని పగలగొట్టిస్తే కింద నుంచి పాల ప్యాకెట్లు, కొబ్బరి పీచు, పక్కింటి బాబు చెప్పు బయటపడ్డాయి. అంతకుముందు నన్ను ఎవరూ అడగలేదు, జరిమానా వేయలేదు. 2023 జూలైలో మళ్లీ వరద వచ్చింది. మోరీ ఒక్క ఇంటిది కాదు కదా, నేను తీసినా వీధిలో చాలామంది తీయలేదు.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. వెట్టి దగ్గర ఆపి మళ్లీ చదివించుకున్నది, ప్రసంగం దానితోనే మొదలుపెడతానంటున్నది. పరకాల సోదరా, ఆగస్టు 15 తర్వాతి ఆదివారం వస్తాం. చివరి జవాబు విన్నాక లేచి వెళ్లి మా గేటు కిందికి వంగి చూసి వచ్చింది. అక్కడా సిమెంటు పలకే ఉంది. వాళ్ల నాన్న మేస్త్రీకి ఫోన్ చేశారు, పండుగ ముందు రోజు వస్తానన్నాడు.