వయొలిన్లు లేకపోతే ఆ పాట నిలబడదా? (సినాట్రా, 1965)

శ్రుతిపెట్టె:
అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా ‘ఇట్ వాజ్ ఎ వెరీ గుడ్ ఇయర్’ (అది చాలా మంచి ఏడాది) గొప్పగా పాడాడు, అందులో పేచీ లేదు. నా అభ్యంతరమల్లా గోర్డన్ జెంకిన్స్ కూర్చిన వాద్యాల మీదే. ఎర్విన్ డ్రేక్ ఈ పాట రాసింది 1961లో, కింగ్‌స్టన్ ట్రయో అనే జానపద గాయక బృందంలోని బాబ్ షేన్ కోసం. జానపద బాణీ. పల్లవి లేదు, నాలుగు చరణాలకూ ఒకటే వరుస. పదిహేడేళ్లప్పుడు చిన్న ఊరి అమ్మాయిలు, ఇరవై ఒకటికి పట్నం అమ్మాయిలు, ముప్పై అయిదుకి కార్లూ డ్రైవర్లూ ఉన్న గొప్పింటి అమ్మాయిలు, చివరికి ఆకు రాలే కాలం. ఇంత సాదా పాట మీద అన్ని వయొలిన్లు దేనికి? మాటలు చెప్పేసిన దిగులునే అవి మళ్లీ చెబుతున్నాయి.

వాయులీనం:
దిగులు చెప్పడానికి కాదండీ, కాలం గడవడానికి. ఒకే వరుస నాలుగుసార్లు వస్తే మధ్యలో ఏళ్లు గడిచాయని వినేవాడికి ఎలా తెలుస్తుంది? మొదటి చరణానికీ రెండోదానికీ మధ్య నాలుగేళ్లు, తర్వాత పద్నాలుగేళ్లు, ఆ తర్వాత ఎన్నేళ్లో పాట చెప్పదు. ఆ ఖాళీల్లోనే ఓబో (సన్నాయిలాంటి ఊదే వాద్యం) వస్తుంది, వయొలిన్ తీగలు పైకి లేస్తాయి. హెడ్‌ఫోన్స్‌లో ఓసారి శ్రద్ధగా వినండి: గొంతు మొదలవగానే అవి వెనక్కి తగ్గుతాయి. ఇంకో సంగతి, 1961లో షేన్‌కి 27 ఏళ్లు. రికార్డింగ్ నాటికి సినాట్రాకి 49. 1966 గ్రామీ సంగీత పురస్కారాల్లో ఈ ఒక్క పాటకే గాయకుడిగా ఆయనకీ, వాద్య రచనకి జెంకిన్స్‌కీ బహుమతులొచ్చాయి.

శ్రుతిపెట్టె:
బహుమతి వాదన కాదు కదా. 1966 మొదట్లో లాస్ వేగస్ శాండ్స్ హోటల్‌లో ఇదే పాట కౌంట్ బేసీ జాజ్ బృందంతో పాడాడు. ఆ బృందంలో వయొలిన్లే లేవు. అయినా పాట ఎక్కడా కుంగలేదు. మోసింది గొంతే.

గాత్రసాధన:
గొంతు ఎలా మోసిందో చూస్తే మీ ఇద్దరి మాటా కొంత కొంత నిజమే. ఈ పాట నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది మొదటి చరణాన్నే. పదిహేడేళ్లవాడికి ముందేం జరగబోతోందో తెలియదు. అక్కడే గొంతులో బాధ నింపేస్తే నాలుగో చరణానికి ఏమీ మిగలదు. మొదటిదాన్ని మామూలు మాటలా తేలిగ్గా పాడాలి. రెండోది, శ్వాస. ‘గుడ్’కీ ‘ఇయర్’కీ మధ్య తెంపకూడదు, వాక్యం ఆగినచోటే ఊపిరి పీల్చాలి. తను పాడిన బ్యాండ్ నాయకుడు టామీ డోర్సీ ట్రాంబోన్ ఊదుతూ స్వరం తెగకుండా లాగే తీరు చూసి సినాట్రా పట్టుకున్న విద్య అది. మూడోది మనవాళ్లకే ప్రత్యేకం: మొదటి చరణంలోని ‘గ్రీన్’లో ‘ఈ’ని సాగదీసి గమకం వేస్తారు, వెంటనే అది లలిత సంగీతమైపోతుంది. అచ్చు మీద గమకం లేకుండా ‘న్’ మీదికి వచ్చి, నాలుక అంగిట్లో ఆనించి, ఆ హల్లు మీదే స్వరం నిలపండి. మైకు నోటికి జానెడు దూరం. రెండో చరణంలోని ‘పర్‌ఫ్యూమ్డ్’ దగ్గర ‘ప’ గాలి మైకులో ‘బుప్’మంటుంది, ఆ మాటకి మొహం కాస్త పక్కకి తిప్పితే చాలు.

వాయులీనం:
నాలుగో చరణం గురించి కూడా చెప్పండి. తీగల మీద శ్రుతిపెట్టె గారి కోపం అక్కడే ఎక్కువనుకుంటా.

గాత్రసాధన:
మొదటి మూడు చరణాలూ ఏ వయసుతో మొదలయ్యాయో ఆ వయసుతోనే ముగుస్తాయి. నాలుగోదాంట్లో వయసు లేదు. జీవితాన్ని పాత పీపాల్లోని ద్రాక్షసారాయితో పోల్చి, ‘మంచి ఏడాది’ అన్న మాటతోనే ఆగుతుంది. చాలామంది ఆ చివరి మాటని పైకెత్తి చప్పట్ల కోసం పట్టి ఉంచుతారు. అలా చేస్తే అది విజయగీతం అయిపోతుంది. వేగం మొదటి చరణంలో ఎంతో ఇక్కడా అంతే ఉండాలి. లయ కొలిచే మెట్రోనోమ్ పెట్టుకుని చూడండి, దాదాపు అందరూ ఇక్కడ నెమ్మదిస్తారు.

శ్రుతిపెట్టె:
మధ్య వాద్యాల సంగతి ఒప్పుకుంటున్నాను, ఏళ్లు గడిచిన భావం వాటి వల్లే వస్తోంది. నాలుగో చరణం కింది తీగలు మాత్రం ఇప్పటికీ ఎక్కువే. అక్కడ ఓబో ఒక్కటి చాలు.