సమస్యాపూరణం: "మైలు దూరముండె మాటలోన"

ఈ వారం ఇస్తున్న సమస్య ఆటవెలది నాలుగవ పాదం. అయిదు సూర్యగణాలూ సరిగా ఉన్నాయి, "మై–మా"లకు యతి కుదిరింది. పొడవైన ఆంగ్లపదాలను వెదకి, వాటి అర్థాలతో సహా గుర్తుంచుకొనే పదక్రీడాభిమానుల కోసం దీన్ని ఎంచుకున్నాను. ప్రతి పూరణా నిఘంటువులో దొరికే ఒక ఆంగ్లపదం మీదనో, ఆ పదాలతో ఆడే ఆట మీదనో నిలవాలి. పద్యం కింద పదం పేరు, అక్షరాల లెక్క, అర్థం వచనంలో చెప్పాలి. పొడవును లెక్కపెట్టడంతో ఆగిపోకుండా, ఆ పొడవుకు పద్యంలో ఏదైనా పని కల్పించిన పూరణలకే పెద్దపీట వేస్తాను.

మొదటి పూరణ

ఆంగ్లభాష నవ్వు లాఱు వర్ణమ్ములే
మొదట నెస్సు మరల ముగియ నెస్సు
నడుమ నున్న నాల్గు నలువుగఁ జదివిన
మైలు దూరముండె మాటలోన

పదం "స్మైల్స్", అంటే చిరునవ్వులు. రెండు ఎస్సుల నడుమ మిగిలే ఎమ్, ఐ, ఎల్, ఇ అనే నాలుగక్షరాలూ కలిసి మైలు అవుతాయి.

సమీక్ష: ఆంగ్లంలో అతి పొడవైన పదమేదని పిల్లలు వేసుకొనే పాత పొడుపుకథను ఈ పద్యం చక్కగా ఇముడ్చుకొంది. అన్వయం సూటిగా ఉంది, సమస్య అతికినట్టు కనబడలేదు. "నలువుగ" అన్న మాట మాత్రం యతి కోసం వచ్చి చేరింది. అక్షరాలను తారుమారు చేసి కొత్త మాట పుట్టించే ఆట వేరు, ఉన్న వరుసలోనే దాగిన మాటను పట్టుకొనే ఆట వేరు. ఇక్కడ వరుస చెడకపోవడమే అసలు విశేషం గనుక "నడక దప్పక చూడ" అని మార్చితే గణాలు, యతి నిలుస్తాయి, ఆట నియమం కూడా పద్యంలోకి వస్తుంది.

మరొక సభ్యుని వ్యాఖ్య: ఈ పొడుపుకథకు పై ఎత్తు కూడా ఉన్నది. "బిలీగర్డ్" అంటే ముట్టడిలో చిక్కినది, కష్టాలు చుట్టుముట్టినది అని అర్థం. ఆ పదకొండు అక్షరాల పదం నడుమ "లీగ్" అనే దూరమానం చెక్కుచెదరకుండా ఉంటుంది. లీగ్ అంటే సుమారు 3 మైళ్ళు కాబట్టి చిరునవ్వుల కంటె ముట్టడిదే దూరం ఎక్కువ.

రెండవ పూరణ

అగ్నిగిరుల ధూళి యందించు రోగమ్ము
నలుబదైదు లిపుల నామ మందె
పలుక మొదలు పెట్ట పరుగెత్తినట్లయ్యె
మైలు దూరముండె మాటలోన

పదం "న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్", 45 అక్షరాలు. అతిసూక్ష్మమైన సిలికా ధూళిని పీల్చడం వలన ఊపిరితిత్తులకు వచ్చే వ్యాధి అని నిఘంటువుల అర్థం.

సమీక్ష: పలకడంలోని ఆయాసాన్ని పరుగుగా భావించి మైలును సమర్థించడం సహజంగా ఉంది. రెండవ పాదంలోని "లిపుల" నాకు నచ్చలేదు, ఎందుకంటే లిపి అంటే వ్రాతపద్ధతి, అక్షరాన్ని ఆ పేరుతో పిలవడం అర్థాన్ని సాగదీయడమే. "వర్ణనామ" మంటే తెలుగు సంఖ్య పక్కన సంస్కృత సమాసం వచ్చి ఇబ్బంది పెడుతుంది. "నలుబదైదు వ్రాల నామ మందె" అంటే తెలుగుదనమూ గణమూ రెండూ దక్కుతాయి.

పద్యంలోకి రావలసిన ఒక సంగతి బయటే ఉండిపోయింది. ఈ పదం వైద్యుల అవసరం కోసం పుట్టలేదు. అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అనే పదక్రీడాకారుల సంఘానికి అధ్యక్షుడైన ఎవరెట్ స్మిత్, నిఘంటువులోని అన్ని పదాలనూ మించాలనే కోరికతో 1935లో దీన్ని కూర్చాడు. ఆటగాళ్ళు కల్పించిన మాటకు తరవాత నిఘంటువులు చోటిచ్చాయి. వైద్యులకు "సిలికోసిస్" అనే చిన్నమాట సరిపోతుంది. ఇంత మంచి సందర్భం దొరికినప్పుడు కవి పలకడంలోని ఆయాసం దగ్గరే ఆగిపోవడం నాకు వెలితిగా తోచింది. మరొక పద్యం వ్రాయవలసిందని కోరుతున్నాను.

మూడవ పూరణ

విలువ లేదటంచు వెలకట్టు పనికిని
వ్రాలు ముప్పదింటి వాకి లందె
అర్థమునకు దాని యాకారమునకును
మైలు దూరముండె మాటలోన

పదం "ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్", 29 అక్షరాలు. ఒకదానిని ఏ విలువా లేనిదిగా లెక్కకట్టడం అని అర్థం.

సమీక్ష: వచ్చినవాటిలో ఇదే ఉత్తమ పూరణ అని నిస్సంకోచంగా చెబుతున్నాను. తక్కిన పద్యాలు మైలును అక్షరాల్లోనో, పలికే నోటిలోనో వెదికితే, ఈ కవయిత్రి దానిని అర్థానికీ ఆకారానికీ నడుమ చూసింది. సమస్యలోని "మాటలోన" అన్న చివరి పదానికి పూర్తి న్యాయం జరిగింది ఇక్కడే. ముప్పైకి ఒకటి తక్కువ అని చెప్పడానికి "ముప్పదింటి వాకి లందె" అనడం ఎంతో సొగసుగా ఉంది. గడప దాటలేదన్న ధ్వనిలోనే లెక్క తెలిసిపోతుంది. "వ్రా–వా"ల యతి సంయుక్తాక్షరంలోని వకారంతో చెల్లుతుంది గనుక ఎవరూ సందేహించనక్కరలేదు.

ఈ మాట నిర్మాణాన్ని కూడా చూడాలి. లాటిన్ పాఠాల్లో "దేనికీ కొరగాదు" అనే అర్థంలో వచ్చే నాలుగు మాటలను వరుసగా గుచ్చి దీన్ని తయారుచేశారు. ఫ్లాక్సి అంటే ఉన్నిపోగు, నాసి అంటే అల్పవస్తువు, నిహిలి అంటే శూన్యం, పిలి అంటే వెంట్రుక. ఆంగ్లకవి విలియం షెన్‌స్టన్ 1741లో వ్రాసిన ఒక లేఖలో ఈ పదం కనబడుతుంది. ముక్కల అర్థం తెలిసినవారికి ఇంత పొడవు పదమైనా అక్షరదోషం లేకుండా చేతికి వస్తుంది. పొడవైన పదాలను బట్టీపట్టేవారికి నేనిచ్చే సలహా కూడా ఇదే: ముందు ముక్కలు విడదీసి వాటి అర్థాలు తెలుసుకోండి, అక్షరాలు వాటంతట అవే వరుసలో నిలుస్తాయి.

నాలుగవ పూరణ

ఉపమ లనగ నాంగ్ల మొసఁగిన నామాన
దూరదూరములను దొడరఁ జేయు
కవుల కేల యబ్బెఁ గాంచుఁడీ యా శక్తి
మైలు దూరముండె మాటలోన

పదం "సిమిలీస్", 7 అక్షరాలు. ఉపమాలంకారాలు అని అర్థం. మూడవ అక్షరం నుండి ఆరవ అక్షరం దాకా చదివితే మైలు కనబడుతుంది.

సమీక్ష: భావం చాలా గొప్పది. ఎక్కడో ఉన్న రెండు వస్తువులను దగ్గర చేసే అలంకారం పేరులోనే దూరమానం ఉండడాన్ని గమనించిన చూపును మెచ్చుకోవాలి. మొదటి పూరణలోని పదం కంటె ఇందులో ఒక అక్షరం ఎక్కువ కూడా. అయితే దూరాన్వయదోషం ఉంది. మొదటి పాదంలోని "నామాన" అన్న మాట చివరి పాదంతో కలవాలి, రెండవ పాదం మూడవ పాదంలోని "శక్తి"కి విశేషణం కావాలి. పాఠకుడు రెండుసార్లు వెనక్కి వెళ్ళవలసి వస్తోంది. "నామాన" అనేది వ్యావహారిక రూపమైనా నాకు అభ్యంతరం లేదు.

అయిదవ పూరణ

పదియు నైదు గళ్ళ పలకపైఁ జేరదు
ఏడు బిళ్ళ లందు నిమడ దెపుడు
ఎంత పొడవు మాట యెఱిఁగిన నేమాయె
మైలు దూరముండె మాటలోన

స్క్రాబుల్ పలకకు అడ్డంగా 15 గళ్ళు, నిలువుగా 15 గళ్ళు ఉంటాయి. ఆటగాని దగ్గర ఒకసారికి 7 బిళ్ళలే ఉంటాయి.

సమీక్ష: ఆట తెలిసినవారు వ్రాసిన పద్యం, మొదటి రెండు పాదాలు నిక్కచ్చిగా ఉన్నాయి. సమస్య మాత్రం మూడవ పాదంతో కలవలేదు. "గెలుపు గట్టు చేరఁ గేలు సాచిన గాని" అని మార్చి చూడండి. పలకమీద చోటున్నంతలో చూడదలచినవారికి "అన్‌కాపీరైటబుల్" అనే 15 అక్షరాల పదం ఉంది. ప్రచురణహక్కు పొందడానికి వీలులేనిది అని అర్థం. అందులో ఒక్క అక్షరమూ రెండవసారి రాదు.

ఒక సభ్యురాలి ప్రశ్న: పొడవైన పదాలకు ఆంగ్లంలో ఉన్న "సెస్క్విపిడేలియన్" అనే విశేషణం మీద పూరణ చేయవచ్చునా?

సమాధానం: తప్పక చేయవచ్చు. రోమన్ కవి హొరేస్ వాడిన లాటిన్ మాట నుండి అది వచ్చింది. దాని అసలు అర్థం ఒకటిన్నర అడుగుల పొడవు గలది అని. అడుగున్నరకూ మైలుకూ ఉన్న తేడాను పద్యంలో సమర్థించగలిగితే మంచి పూరణ అవుతుంది, ఎదురుచూస్తాను.

వచ్చే వారానికి సమస్య, ఇదీ ఆటవెలది పాదమే: "అచ్చులేని పదము హాయిగొలిపె". ఆంగ్లంలోని అయిదు అచ్చక్షరాల్లో ఒక్కటీ లేని ఏడక్షరాల పదం నిఘంటువులో ఉన్నది. యతి "అ–హా"లకు చెల్లుతుంది.