క్రీ.శ. 1258కి హిజ్రీ ఎంత, శకం ఎంత? ఒక్క వరుసలో ఇమడటం లేదు

పాతలెక్క:
1258కి ఒక పట్టిక వేస్తున్నాను. 78 తీసేస్తే శకం 1180, కాళయుక్తి. హిజ్రీ 656. కానీ బాగ్దాద్ మంగోలు నాయకుడు హులాగూకి లొంగిన రోజు (హిజ్రీ 656, రెండో నెల సఫర్ 4) ఒక చోట శకం 1179 పింగళ, మరో చోట 1180 కాళయుక్తి అని ఉంది. ఇంగ్లీషు తేదీ కూడా ఒకరు ఫిబ్రవరి 10 అంటే ఇంకొకరు 17 అంటున్నారు. ఏది పట్టుకోవాలి?

తిథివారం:
పింగళే సరి. 1258లో ఉగాది మార్చి మొదటి పది రోజుల్లో పడింది. ఫిబ్రవరి 10కి ఇంకా ఫాల్గుణ శుద్ధమే నడుస్తోంది. ఉగాది దాటాకే 78 తీసెయ్యాలి, అంతకు ముందు 79. పట్టికల్లో సగం తప్పులు ఇక్కడే.

10, 17 రెండూ ఒకే రోజు. మొదటిది పాత జూలియన్ కేలండర్ తేదీ, రెండోది ఇప్పటి గ్రెగోరియన్‌ని వెనక్కి లాగి కట్టిన తేదీ. 1258 నాటికి తేడా 7 రోజులు. 1582కి ముందు గ్రెగోరియన్ లేదు కాబట్టి చరిత్రలో జూలియనే రాస్తారు. కొన్ని కన్వర్టర్లు చెప్పాపెట్టకుండా రెండోది ఇస్తాయి.

హిజ్రీ గడిలో ఒక్క 656 రాస్తే చాలదండి. ఆ ఏడు జనవరి 8న మొదలై, 355 రోజులు నడిచి, డిసెంబరు 29న 657కి దారిచ్చింది. జనవరి మొదటి వారం 655లోకి పోతుంది. అంటే 1258లో మూడు హిజ్రీ సంవత్సరాలు! ఇది గణిత పట్టిక లెక్క. నెలవంక చూసి మొదలెట్టిన ఊళ్లో ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. పైగా హిజ్రీ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది.

శకరేఖ:
మిగతా గళ్లకి హద్దులతో సహా:
చైనా: ఫిబ్రవరి మొదటి వారం నుంచి వు-వు (వాళ్ల అరవై ఏళ్ల చక్రంలో పేరు), గుర్రం ఏడు, సాంగ్ రాజ్యంలో బావోయూ (రాజు పెట్టిన శకం పేరు) 6. బాగ్దాద్ పడేనాటికి అక్కడ కొత్త ఏడు వచ్చేసింది, మన లెక్కలో రాలేదు.
విక్రమ: చైత్రాదిగా అయితే ఉగాది నుంచి 1315. గుజరాత్ కార్తికాది లెక్కలో కార్తికం దాకా 1314.
బైజాంటైన్ (సృష్టి నుంచి లెక్క): ఆగస్టు 31 దాకా 6766, సెప్టెంబరు 1 నుంచి 6767. నైసియా చక్రవర్తి రెండో థియోడోర్ లాస్కరిస్ ఆగస్టులో పోయాడు కాబట్టి 6766.
యూదు: 5018, ఆగస్టు ఆఖరు నుంచి 5019.
కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవులది): ఆగస్టు 29 నుంచి 975, అంతకు ముందు 974.

సంవత్సరం పేరు విషయంలో ఇంకో మెలిక. ఉత్తరాది బార్హస్పత్య మానంలో (గురుగ్రహం నడకని బట్టి కట్టేది) సుమారు 85 ఏళ్లకోసారి ఒక పేరు దాటేస్తారు, దక్షిణాదిన దాటరు. అందుకే ఉత్తరాది శాసనంలో కాళయుక్తి కనిపిస్తే నేరుగా 1258 అనుకోకూడదు. మన వైపు శాసనంలో 1181 కాళయుక్తి అని ఉంటే కంగారు పడక్కర్లేదు. అది వర్తమాన శకం (నడుస్తున్న ఏడు), 1180 గత శకం (గడిచిన ఏళ్లు).

పాతలెక్క:
బాగుంది. మరి ఇటలీలోని పీసా నగరం పత్రంలో ఫిబ్రవరి 10, 1258 అని ఉంటే?

తిథివారం:
అది మన 1258 ఫిబ్రవరి 10నే. పీసా 1258 అంటే మన 1257 మార్చి 25 నుంచి 1258 మార్చి 24 దాకా. ఫ్లోరెన్స్‌లోనూ మార్చి 25నే కొత్త ఏడు, కానీ ఏడాది వెనక. అదే రోజుని అక్కడ 1257 అని రాస్తారు. మే నెలకొస్తే ఫ్లోరెన్స్ 1258, పీసా 1259.

పట్టికని సంవత్సరాలతో కాకుండా రోజులతో కట్టండి. ముందు ప్రతి తేదీనీ జూలియన్ దిన సంఖ్యలోకి, అంటే ఒక ఆది నుంచి వరుసగా లెక్కపెట్టిన రోజుల సంఖ్యలోకి, మార్చాలి (జూలియన్ కేలండర్‌తో కలపకండి, అది వేరు). బాగ్దాద్ రోజు సంఖ్య 2180583. దాన్ని 7తో భాగిస్తే శేషం 6. 0 సోమవారం కాబట్టి 6 ఆదివారం. వారం మాత్రం అన్ని చోట్లా ఒక్కటే. మూలంలో వారం ఇచ్చి ఉండి, మీ లెక్కలో ఒక రోజు తేడా వస్తే నెలవంకదో, సూర్యాస్తమయానిదో. సరిగ్గా 7 రోజులు తేడా వస్తే మాత్రం వారం పట్టించదు, అప్పుడు కన్వర్టర్‌నే అనుమానించాలి.